తొట్టి ముందరి వేపచెక్కలు

“ఆ క్రేను ఎనక్కే పెట్టించు బావా. మళ్లీ మళ్లీ సెప్పించకు,” అంది భారతి, మొగుడి కంచంలో చారు పోస్తూ.

“ఎనక ఎలగే? ముందుకే పెట్టాలని వెల్డింగు వెంకటరావు మొన్నట్నుంచీ మొత్తుకుంతన్నాడు,” అన్నాడు త్రినాథ్.

“ఆడేటి, నీ తొట్టిలో తొంగుంటాడా?”

గడప దగ్గర చింతపండు పిక్కలు తీస్తున్న అత్త సూర్యకాంతం నవ్వేసింది. “అదీ సంగతి! పడక పోతాదని బెంగ దీనికి. ఇంట్లో మంచం లేదేటే నీకు?”

“ఇంట్లో మంచం ఎక్కడికీ ఎల్దు కదత్తా.”

ఆ మాటకి కూతురు సింధూరి ఫోన్లోంచి తలెత్తి అమ్మని చూసింది.

త్రినాథ్ ఎడంచేత్తో మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. కిందటేడు జామాయిలు దుంగ ఒకటి జారి అతని కుడిభుజం మీద పడింది. ఆ చెయ్యి ఇప్పుడు గుండెల మీదకి లేవదు. దుంగలు ఎత్తలేక ట్రాక్టరూ, దాని వెనక తగిలించే తొట్టీ పాకలో పెట్టేశాడు. పొద్దున్నే లేచి ట్రాక్టరు తుడిచేవాడు, మళ్లీ వచ్చి అరుగుమీద కూర్చునేవాడు. మొన్న విజయనగరంలో ఓ కలప డిపోలో దుంగలెత్తే పాత క్రేను దొరికింది. ఇనుప స్తంభం, దాని మీద కుర్చీ, పొడుగాటి చెయ్యి, చివర పంజా. దాన్ని తొట్టికి బిగిస్తే భుజంతో పని లేదు. అది ఇంటికొచ్చిన రోజు అతను చాన్నాళ్లకి ఈల వేశాడు. ఆ ఈల భారతి కూడా వింది.

కానీ స్తంభం దిగాలన్న చోటే వేపచెక్కలున్నాయి.

తొట్టి నేలరేకు ముందువైపు తుప్పు తినేస్తే ఎప్పుడో వేయించిన చెక్కలవి. భారతి మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని తోటకి వెళ్లేది. అక్కణ్నుంచి బండితోనే కోటబొమ్మాళి డిపోకి పోయి, దుంగలు దించాక తిరుగుదారిలో ఖాళీ తొట్టిలో వాటి మీద గోనె పరుచుకుని వెల్లకిలా పడుకునేది. జామాయిలు బెరడు వాసన. వీపు కింద చక్రాల గుడగుడ. పైన కొమ్మలు వెనక్కి పోతుండేవి, వాటి వెనక మబ్బులు, మబ్బుల వెనక ఏమీ లేని నీలం. అప్పుడు ఆమెని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కొన్నిసార్లు నిద్రపట్టి, తొట్టి ఆకాశం మీదే నడుస్తోందనుకునేది. ఇంటి ముందు ఆగాక కూడా కాసేపు లేచేది కాదు.

చివరికి త్రినాథే తగ్గాడు. క్రేనుని వెనకే పెట్టించి, ప్రస్తుతానికి బోల్టులతో బిగించి చూద్దామన్నాడు. “తొట్టి బోర్లా పడీసి మళ్లీ అతుకెట్టమంటే నాను పెట్టను. మీరే సూద్దురు గాని,” అన్నాడు వెంకటరావు.

మర్నాడు సాయంత్రం బండి నడిపి చూడ్డానికి బయల్దేరారు. త్రినాథ్ ట్రాక్టరు తోలుతుంటే వెంకటరావు పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. భారతి తన చెక్కల మీద వాలింది. ఏడాది తర్వాత మళ్లీ అదే వాసన. కళ్లు మూతలు పడుతుండగా కాలవగట్టు ఎక్కే వాలు వచ్చింది.

ఆకాశం మెల్లగా ఆమె పాదాలవైపు జారింది. బాగుందనిపించింది ఒక్క క్షణం. తర్వాత తెలిసింది, జారుతున్నది తనే. వెనక ఇనుము బరువుకి తొట్టి ముక్కు పైకి లేస్తోంది. పట్టు దొరక్క ట్రాక్టరు వెనక చక్రాలు మట్టిని చిమ్ముతూ ఊరికే తిరుగుతున్నాయి.

“బ్రేకు తొక్కి పట్టు అన్నా!” వెంకటరావు అరిచాడు. “ఒదినా, నువ్వే దగ్గరున్నావు. ఆ కుర్చీ ఎక్కీ. ఎర్ర పిడి నీవైపు లాగు. సెయ్యి ముందుకి మడిస్తే బరువు ముందుకొస్తాది!”

“నాకేటి తెలుస్తాది!”

“ఎక్కీమంతన్నాను కదా!”

చీర కుచ్చిళ్లు దోపుకుని, ఇనుప మెట్లు పట్టుకుని ఎక్కింది. ఎర్ర పిడి వెచ్చగా ఉంది. లాగింది. నూనె పైపులు ఉలిక్కిపడ్డాయి. అంత ఇనుప చెయ్యీ నిద్రలో ఒత్తిగిల్లినట్టు లేచి, ఆమె తల మీదుగా ముందుకి ఒరిగి, వేపచెక్కల మీద పంజా మోపింది. తొట్టి ముక్కు దిగింది. చక్రాలకి నేల అందింది.

“అలాగే కూకో, దిగకు,” అన్నాడు త్రినాథ్ వెనక్కి తిరక్కుండానే. నేను ముందే చెప్పాను కదా అనలేదు.

బండి గట్టెక్కింది. భారతి పిడి వదల్లేదు. ఇన్నాళ్లూ కిందనుంచి చూసిన కొమ్మలు ఇప్పుడు చెవి పక్కనుంచి పోతున్నాయి. వరిచేల మీద కొంగలు ఎగురుతుంటే వాటి వీపులు కనబడ్డాయి. దూరాన రైలొకటి చప్పుడు లేకుండా పాకుతోంది. అమ్మో, ఇంత ఉందా, అనుకుంది. ఏముందో మాత్రం తేల్చుకోలేదు.

ఇంటికొచ్చేసరికి సూర్యకాంతం అరుగుమీద సిద్ధంగా ఉంది. “కాలవలో పడ్డారటగా! ఊరంతా సెప్పుకుంతన్నారు.”

“పడలేదు మామ్మా, అమ్మ ఆపిందట,” అంది సింధూరి. వెంకటరావు అప్పటికే సగం కథ చెప్పేశాడు.

“సరే, రేపే బోల్టులిప్పి తిరిగి ఇచ్చీద్దాం,” అన్నాడు త్రినాథ్, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని. “ఎనక నిలవదు. ముందుకి పెడితే ఇంట్లో గొడవ. పెట్టినా ఆ కుర్చీలో కూకోడానికి మనిషిని ఎతకాల. ఈ సేత్తో నాను ఆ మెట్లు ఎక్కలేను. నాకొద్దీ పని.”

భారతి కాళ్లు కడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుని, అరుగు అంచున కూర్చుంది.

“ముందుకే పెట్టించు బావా. ఆ సెక్కలు కోసీమను,” అంది మెల్లగా. “మనిషిని ఎతకొద్దు. ఆ కుర్చీలో నాను కూకుంటాను. అత్తా, రేపట్నుంచి మద్దేనం వంట నువ్వూ సింధూరీ సూసుకోండి.”