వారం ఆగి రండి

తులసీబాయి ఎమ్మిగనూరు బాలికల బడిలో లెక్కల టీచరు. భర్త పాండురంగ పోస్టాఫీసు గుమాస్తా. రెండేళ్లుగా ఆదోని డాక్టరమ్మ దగ్గర మాత్రలు మింగి, సూదులు వేయించుకుంటే, పెళ్లయిన పదకొండేళ్లకు, 1987 శ్రావణంలో నెల తప్పింది. మూత్రపరీక్షలో గర్భమేనని తేలింది. ఎందుకైనా మంచిదని డాక్టరమ్మ వాళ్లను బళ్లారికి పంపింది. అక్కడ కొత్తగా స్కానింగు మిషను పెట్టారు.

కడుపునిండా నీళ్లు తాగించి బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు చాలాసేపు తెర వైపే చూశాడు.

"పిండం ఉండే సంచి కనిపిస్తోందమ్మా. లోపల బిడ్డ కనిపించడం లేదు. ఏడో వారం అంటున్నారు, సంచి చూస్తే ఐదు వారాలదిలా ఉంది. తేదీ లెక్క తప్పయినా కావచ్చు..."

"కాకపోతే?" అంది తులసీబాయి.

"నిలవకపోవచ్చు. ఇప్పుడే చెప్పలేను. వారం ఆగి రండి."

తిరుగు బస్సు హాలహర్వి దాటింది. తర్వాత పాండురంగ అన్నాడు: "తేదీ తప్పే అయింటుందిలే. నువ్వేం దిగులు పడొద్దు."

"ఊ" అంది.

అండం విడుదలయ్యే సూది ఏ రోజు వేశారో ఆమెకు తెలుసు. గంటతో సహా తెలుసు. ఆ లెక్కలో తప్పుకు చోటు లేదు. కానీ చెప్పలేదు.

ఇంట్లో అత్తగారు కృష్ణాబాయి అడిగితే పాండురంగే జవాబిచ్చాడు: "బాగుందమ్మా. వారానికి మళ్లా రమ్మన్నారు." ముసలావిడ కోడలి ముఖంలోకి చూసింది.

అంతవరకూ తులసీబాయికి ఇంగువ పోపు వాసన పడేది కాదు. వాంతి అయిన ప్రతి పొద్దునా లోపల ధైర్యంగా ఉండేది. బళ్లారి నుంచి వచ్చిన అయిదోరోజు వాంతి రాలేదు. ఆరోరోజు కావాలనే నూనెలో ఇంగువ ఎక్కువగా వేసి, పొయ్యి మీదికి వంగి నిలబడింది. కళ్లు మండాయి. కడుపులో ఏమీ కదల్లేదు.

"ఏమే, అట్ల నిలబడినావు?" అంది కృష్ణాబాయి, తడిచీరతో వంటింట్లోకి వస్తూ.

"వాంతి రావడం లేదత్తా. తేదీ తప్పు కాదు. నాకు మొదటినుంచీ తెలుసు. ఆయనకు చెప్పలేకపోతాండాను."

మడిలో ఉంటే కన్నకొడుకును కూడా ముట్టనివ్వని కృష్ణాబాయి కోడలిని దగ్గరికి లాక్కుంది.

"వీనికి ముందు నాకు మూడు పోయినాయే. నిలుస్తాయనుకున్నవి పోయినాయి. పోతాడనుకున్న వీడు నిలిచినాడు. బాగుంటుందని నేను చెప్పను. నాకేం తెలుసు?"

ఈ ఆరు రోజుల్లో ఆమెతో ఎవరూ అలా మాట్లాడలేదు. తులసీబాయి గట్టిగా ఏడ్చింది.

బళ్లారిలో రెండోసారి చూసినప్పుడు సంచి అంతే ఉంది, ఖాళీగా. ఇక శుభ్రం చేయించుకోవడమే మంచిదన్నాడు డాక్టరు.

"ఇంకో వారం చూద్దామా సార్?" అన్నాడు పాండురంగ.

డాక్టరు కంటే ముందు తులసీబాయే అంది: "వద్దండీ. తేదీ తప్పు కాదు. సూది వేసిన రోజు నాకు గుర్తుంది."

"తెలిసీ నాకు చెప్పలేదా?"

"మీరు నమ్ముతాంటే నేనూ కొంచెం నమ్మొచ్చు అనుకున్నాను."

మర్నాడు ఆదోని ఆసుపత్రిలో ఆ పని అయిపోయింది. గది బయట పాండురంగ గోడకు తల ఆనించి నిలబడి ఉన్నాడని ఆయా తర్వాత చెప్పింది. తులసీబాయిని బయటికి తెచ్చాక అతను ఆమె పాదాల మీద దుప్పటి సర్దాడు. మళ్లీ మళ్లీ సర్దుతూనే ఉన్నాడు.

మూడు నెలలాగి మళ్లీ మందులు మొదలుపెడదామంది డాక్టరమ్మ. మార్గశిరంలో ఒక పొద్దున పాండురంగ అడిగాడు, "ఆదోనికి పోదామా?" అని.

"ఈ ఏడు నా వల్ల కాదు" అంది తులసీబాయి, బడికి బయల్దేరుతూ.

మరుసటి ఏడు అతను అడగలేదు. అడుగుతాడని ఎదురుచూసిందో లేదో ఆమెకే తెలియదు.