కొలత నీళ్లు

కోటేశ్వరి గ్లాసును కంటి ఎత్తుకు లేపి చూసి, గీత దాటిన నాలుగు చుక్కల్ని తిరిగి బిందెలోకి వంచింది. గోళ్ల రంగుతో ఆ గీత గీసింది తనే. రోజుకు అలాంటి చిన్న గ్లాసులు ఐదు, అంతకు మించి వద్దని డాక్టరు చెప్పాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఇనుముతో కుస్తీ పట్టిన ఆమె భర్త గణపతిరావుకు కిడ్నీలు పోయి ఏడాదిన్నర. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేస్తే తప్ప ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు.

మొన్న తూకం చూస్తే నాలుగు కిలోలు పెరిగాడు. కాళ్ల మీద వేలితో నొక్కితే గుంటలు పడుతున్నాయి. ఇలాగే సాగితే గుండె తట్టుకోదన్నాడు డాక్టరు.

"ఎక్కడ తాగుతున్నావు మావా? నిజం సెప్పు."

"తాగనేదే. నీ మీదొట్టు."

"మరి ఆ నీరంతా ఆకాశంలోంచి ఊడిపడినాదా?"

గణపతిరావు పెదవులు తడుపుకోబోయాడు. తడపడానికి నాలుకలో తడి ఉంటేగా! కోటేశ్వరి జాలి కనబడనివ్వకుండా గిన్నెడు చోడంబలి, అదే రాగి అంబలి, కలిపి ముందు పెట్టింది. నీళ్లకు ఎలాగూ నోచుకోలేదు, తిండైనా కడుపునిండా తినాలని ఆమె పంతం. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో పొద్దున అంబలి, మధ్యాహ్నం పులుసన్నం, సాయంత్రం గంజన్నం. మధ్యాహ్నానిది మంచం పక్కన మూతపెట్టి ఉంచింది.

తర్వాత వంటింటికి ఒక తాళం, వీధి తలుపుకు ఒక తాళం. తాళం వేయకపోతే ఆ తెలుగు వాడతో వేగలేదు. దాహమన్న రోగికి లేదనే మనిషి అక్కడ పుట్టలేదు. కిటికీలోంచైనా చెంబు అందించేస్తారు. పుణ్యం వాళ్లకు, వాపు ఈయనకు. మొగుణ్ణి ఎండబెట్టి చంపుతోందని కుళాయి దగ్గర ఆడవాళ్లు అనుకోవడం ఆమె విననిది కాదు. తాళం తిప్పుతున్నప్పుడు లోపల్నుంచి దగ్గు వినబడింది. తిరిగి చూడకుండా వెళ్లి టోటో, ఆ ఊరి బ్యాటరీ రిక్షా, ఎక్కింది.

ఊరి పక్క హిజ్లీలో కాలేజీవాళ్ల జంతుశాలలో ఆమెది కాంట్రాక్టు పని. మూడు నెలల కింద రాజస్థాన్ నుంచి పద్దెనిమిది ఎడారి ఎలుకలు వచ్చాయి. ఇసుక రంగు ఒళ్లు, పెద్ద కళ్లు, తోక చివర చిన్న కుచ్చు. బెంగాలు గాలిలో తడి వాటికి పడదని ఆ గదిలో ఒక యంత్రం రాత్రీ పగలూ తడి పీల్చేస్తూ ఉంటుంది. ఆమె ఇసుక జల్లెడ పడుతుంది, సజ్జలు తూచి పోస్తుంది, తలుపు వేస్తుంది. ఏ పెట్టెలోనూ నీళ్ల గిన్నె లేదు. పెట్టెల జాలీ మూలల్లో ముక్కులు ఆనించి అవి చూస్తుంటే తనకే దాహం వేసేది. ఇంట్లో ఒకరికి, ఇక్కడ పద్దెనిమిదింటికి, నీళ్లివ్వని ఉద్యోగం తనకే రాసిపెట్టి ఉందా అనుకునేది.

ఆ ఎలుకల మీద పరిశోధన చేస్తున్న వరంగల్ అమ్మాయి శ్రావణి ఏదో రాసుకుంటోంది. ఆ రోజు కోటేశ్వరి ఉండబట్టలేక అడిగేసింది.

"గుక్కెడు నీళ్లు నేకండా ఇవి ఎలగ బతుకుతున్నాయమ్మా?"

"వాటికి నీళ్లు పారబోసుకోవడం తెలియదక్కా. పగలు బొరియ మూతికి ఇసుక అడ్డంపెట్టుకొని పడుకుంటయి. ఊపిరిలో తడిని కూడా ముక్కులోనే ఆపుకుంటయి. మూత్రం అంటవా, చిక్కగా ఒక్క చుక్క. ఎడారిలో బతికేటివన్నీ అట్లనే, నీళ్లకు పిసినారులు. ఒంటె మూపురంలో కూడా నీళ్లుండవు, కొవ్వే."

"ఆ ఒక్క సుక్కైనా ఎక్కణ్ణించి వస్తాది?"

"తిండిలోంచే. ఎండు గింజలో కూడా కొంచెం తడి ఉంటది, అరిగేటప్పుడు ఒంట్లో ఇంకొంచెం పుడతది. మనం తిన్నది కూడా నీళ్ల కిందికే వస్తదక్కా."

కోటేశ్వరి చేతిలో జల్లెడ ఆగింది.

"అంబలి కూడానా?"

శ్రావణి నవ్వింది. "అంబలంటే ముప్పావు వంతు నీళ్లే కదా. ఎందుకక్కా?"

గ్లాసు మీద గీత గీసి, చుక్కలు వెనక్కి వంచి, గిన్నెలకు గిన్నెలు అంబలి తనే తాగించింది. డాక్టరు నీళ్ల సంగతి చెప్పాడు, అంబలి సంగతి ఆయన అడగలేదు, ఈమెకు చెప్పాలని తోచలేదు. ఇంట్లో నీళ్ల దొంగ దొరికింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, అయినా ఆమెకు సంతోషమే కలిగింది. దారి తెలిసింది. రేపే డయాలసిస్, డాక్టరుకు అంతా చెప్పేయొచ్చు. ఈ పూట నుంచే గంజి మానేసి పొడి అట్లు వేయొచ్చు. నాలుగింటికి వేలిముద్ర పడితేగాని హాజరు పడదు. ఆమె గడియారం కేసి చూస్తూ, జల్లించిన ఇసుకనే మళ్లీ జల్లించింది.

ఇంటికి చేరి తాళం తీసేసరికి గణపతిరావు కిటికీ పక్క కుర్చీలో, ఊచలకు తల ఆనించి ఉన్నాడు. పులుసన్నం గిన్నె మూత తీయలేదు. కోటేశ్వరి చెప్పులైనా విప్పకుండా ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"మావా, నీ తప్పు నేదు. నువ్వు తాగనేదు. నానే తాగించినాను. ఇంక నిన్నొక్క మాటంటే ఒట్టు."

మోకాలి మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది.

ఆమె అరుపుకు వాడంతా వచ్చింది. పక్కింటి బెంగాలీ ఆవిడ రాధారాణి గుమ్మం దాటలేక అక్కడే నిలబడి, ఆ వాడలో నేర్చుకున్న తెలుగులో ఏడ్చింది. "నావల్లే దీదీ. దాదా దాహం అని ఏడిస్తే శనివారం మలంచా బజారులో లీటరు నీళ్ల బాటిల్ కొని కిటికీలోంచి ఇచ్చినాను. నువ్వు తిడతావని సెప్పనేదు."

నలుగురూ కలిసి ఆయన్ని మంచం మీదికి చేర్చారు. తల కింద సర్దుదామని కోటేశ్వరి దిండు ఎత్తింది. అడుగున నిండు లీటరు నీళ్ల సీసా ఉంది. మూత సీలు తెగలేదు, చుట్టూ ఉన్న కాగితం మాత్రం చేతి చెమటకు నలిగి సగం ఊడిపోయింది.