మూసిన కిటికీకి సరిపోయిన మందు

మూత తీయకముందే పాలిష్ మేస్త్రికి వాసన తెలిసిపోయింది. రంగు ఊడదీసే మందు, ఘాటు రకం. ఎనామిల్ రంగును పావుగంటలో పొంగిస్తుంది, మనిషిని అంతకంటే ముందే పడేస్తుంది. పోయిన నెల ఇలాంటి గదిలోంచి బయటికొస్తూ కళ్లు తిరిగి మెట్ల మీద పడ్డాడు. మూసిన గదిలో మళ్లీ ఆ మందు ముట్టనని భార్య ఒట్టు వేయించుకుంది.

“బావా, అన్నిటికీ ఇదొక్కటేనా? ఆ బీరువాది లక్క పాలిష్, స్పిరిట్‌తో తుడిస్తే చాలు. ఈ మందు పూస్తే పైనున్న పల్చటి చెక్క కూడా లేచొస్తుంది. తలుపుకి ఆరు పూతలున్నాయి. రంగు వదిలించే పేస్టు పూసి, కవరు కప్పి, రేపటిదాకా వదిలెయ్యాలి.”

“రేపటిదాకానా! రంగు ఊడడానికి కూడా ముహూర్తం పెట్టించాలా? సాయంత్రానికి అయిపోవాలయ్యా.”

పని ఇచ్చేది ఆ బావే. భార్యకు అన్న ఆ బావే. వీళ్లు తలదాచుకునే మేడమీది గదీ ఆ బావదే. మూడు వైపులా ఒకే మనిషి గోడై నిలబడితే నోరు ఎటు నుంచి లేస్తుంది? ఒట్టు మింగేసి తలుపుకు మందు పూశాడు.

బావ బయటికి నడిచాడు. వెనకాలే గడియ పడింది.

“కింద ఆఫీసువాళ్లు వాసనని గోల చేస్తున్నారు! గంటాగి తీస్తాలే!”

మేస్త్రి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. రెక్క కదల్లేదు. ఎందుకు కదులుతుంది? ఐదేళ్ల కిందట దానికి రంగు వేసింది తనే. రెక్క తెరిచి అంచులకు విడిగా వేయాలి, ఆరేదాకా కదిలిస్తుండాలి. “ఎవడు తెరుస్తాడయ్యా దాన్ని, మూసి లాగించెయ్” అన్నాడు బావ. లాగించేశాడు. సందు మీదుగా బ్రష్షు నడిపి, రెక్కనూ చట్రాన్నీ ఒకటి చేసి, ఆ రోజు గంట ముందే ఇల్లు చేరాడు. ఆ గంటను గది ఇప్పుడు అతని ఊపిరిలోంచి కోసుకుంటోంది.

తలుపు బాదాడు. పలికే దిక్కు లేదు. నాలుక మీదికి తీపి వచ్చింది. మెట్ల మీద పడిన రోజు వచ్చిన తీపే.

ఈ గదిలో ఈ మందుకు సరైన చోటు ఒక్కటే ఉంది. గట్టిపడిన ఎనామిల్, నాలుగు అంచుల సందు! ఊపిరి బిగబట్టి కిటికీ చుట్టూ పూశాడు. నేల మీద కూలబడి, తలుపు కింది సన్నటి చీలికకు ముక్కు ఆనించాడు. రంగు ముడతలు పడింది. లేచి బ్లేడు దింపాడు, గీరాడు, భుజంతో గుద్దాడు. రెక్క కెవ్వుమని నాలుగు వేళ్ల మేర తెరుచుకుంది.

అవతల ఇనుప చువ్వలు. వాటికే మొహం అతికించి గాలి తాగాడు.

కింద రోడ్డు మీద టీ గ్లాసుతో బావ. “మొహం లోపల పెట్టవయ్యా, జనం చూస్తున్నారు!”

“చూడనీ!” గొంతు జీరపోయింది. “గడియ తియ్యి. స్పిరిట్ తే, పేస్టు తే. అప్పటిదాకా ఈ మొహం ఇక్కడే!”

సంచీతో పోతున్న ఒకావిడ ఆగి పైకి చూసింది. తర్వాత బావ వైపు తిరిగింది. “మనిషిని లోపలేసి గడియ పెట్టావా ఏంటయ్యా?”

బావ టీ పారబోశాడు. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు పైకి వచ్చింది. గడియ కదిలిన శబ్దం చెవిన పడేదాకా మేస్త్రి చువ్వలు వదల్లేదు.