మేకు మీద చీటీలు

"మూడింటికి లెక్క చూసుకుని వెళ్లిపోండి," అన్నాను పొద్దున్నే, పనివాళ్లందరి ముందూ.

అన్నది మేమంతా తాబేలు అని పిలిచే ఆయనతో. మా హోటల్లో అందరికన్నా పాత వెయిటర్, యాభై మూడేళ్లు. ఆయన టేబుళ్లకు భోజనం అందడానికి ముప్ఫై అయిదు నిమిషాలు. బుల్లెట్ అని పిలిచే ఇంకో వెయిటర్‌కి పదిహేను. హోటల్ మా బావది, మేనేజర్‌ని నేను. నెల రోజులు గడియారం పట్టుకుని ఈ నిమిషాలు రాసిందీ నేనే.

మధ్యాహ్నం రద్దీ మొదలైంది. ఆఖరి రోజు కదా అని ఆయన్నే చూస్తున్నాను. జనం కుర్చీ లాక్కునే లోపే పక్కన ఉంటున్నాడు. ఆర్డర్ రాసుకుని, వంటింటి కిటికీ గట్టు మీది నిలువు మేకుకు చీటీ గుచ్చి, అప్పుడే నీళ్లు పోస్తున్నాడు. ఇందులో తాబేలు ఎక్కడ?

కిటికీ దగ్గరికి వెళ్లాను. లోపల్నించి వంట మాస్టర్ చెయ్యి చాచి పై చీటీ లాక్కున్నాడు. వండాడు. మళ్లీ పై చీటీ.

పైన ఉన్నది ఆఖరున వచ్చినది. అందరికన్నా ముందొచ్చిన తాబేలు చీటీ అడుగున నలుగుతోంది.

బుల్లెట్ చీటీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"గుచ్చవేం?"

"మిగతావాళ్లు గుచ్చేశాక పైన గుచ్చుతా మేడం. తొందరేముంది?" అని నవ్వాడు.

"మాస్టరూ, అడుగుది ముందు తీయండి."

"పైవన్నీ ఊడదీసి మళ్లీ గుచ్చడానికి నాకేమన్నా నాలుగు చేతులున్నాయా అమ్మా?"

నిజమే. పెరట్లో తువ్వాళ్లు ఆరేసే తీగ విప్పుకొచ్చి, క్లిప్పులతో సహా కిటికీకి అడ్డంగా కట్టాను. కొత్త చీటీ కుడి కొసకి, వండేది ఎడమ కొస నుంచి. తాబేలు చూసిన తర్వాతి టేబులుకి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

బావకి ఫోన్ చేశాను. "ఆయన్ని పంపడం లేదు."

"పంపుదామన్నది నువ్వే కదే!"

"నేనే. తప్పుగా చూశాను బావా."

మూడింటికి ఆయన ఏప్రన్ మడత పెడుతుంటే పక్కకు పిలిచాను. "పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మేకు సంగతి మీకు తెలుసా?"

"మూడేళ్ల నుంచీ."

"చెప్పొచ్చుగా?"

"మేనేజర్లంతా తిట్టారమ్మా. ఎందుకాలస్యమని అడిగినవాళ్లు లేరు."

"పోనీ, మీరూ చీటీ ఆపి పెట్టొచ్చుగా?"

"ఆకలితో వచ్చినవాళ్ల చీటీ జేబులో వేసుకుని తిరగమంటారా?"

ఏప్రన్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"రేపు వస్తారా?"

"పొద్దున అందరి ముందూ అన్నారు," ఆయన గొంతు పెంచలేదు. "ఇప్పుడు పక్కకు పిలిచి చెబుతున్నారు."

వంటింటి తలుపు తోశాను.

"మాస్టరూ, పొయ్యి ఆపండి. బుల్లెట్, అందర్నీ ఇలా రమ్మను."