కుట్టేసుకున్న చెయ్యి

ఆ చెయ్యి బిగుసుకుపోయింది జబ్బు వల్ల కాదు, మీ వల్ల. ఇస్త్రీ నలగని చొక్కాలతో సమావేశాల్లో కూర్చుని, "ఆ నర్సు కబుర్లు చెప్పడం తప్ప చేసేదేముంది?" అని ఒక్క మాటతో ఆమె గదికి తాళం వేయించిన మీ వల్ల. తలుపు మీద 'రొమ్ము క్యాన్సర్ నర్సు' అని రాసి ఉంటే వచ్చేపోయే పెద్దమనుషులకు ఇబ్బందిగా ఉందని బోర్డు పీకించింది కూడా మీరే. రొమ్ము అనే మాట పలకడానికి నోరు రాని వాళ్ళ చేతిలో, రొమ్ము కోయించుకున్న ఆడవాళ్ళ బతుకు పెడితే ఏమైందో వినండి.

లిఫ్టు పక్కన అల్మరా అంత గదిలో కూర్చునేది కాబట్టి రోగులు ఆమెను లిఫ్టు సిస్టర్ అనేవారు. పన్నెండేళ్ళు వార్డుల్లో పనిచేసి, ఈ ఒక్క జబ్బు కోసమే రెండేళ్ళు మళ్ళీ చదువుకుని వచ్చిన మనిషి. డాక్టరు నాలుగు నిమిషాల్లో క్యాన్సర్ అని చెప్పేసి తర్వాతి మనిషిని పిలుస్తాడు. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడని ఆడమనిషి బయటికొచ్చి గోడ పట్టుకుంటుంది. ఆ గోడ దగ్గర ఉండడమే సిస్టర్ ఉద్యోగం. చెప్పిందే మళ్ళీ చెప్పేది. అర్థం కాకపోతే మూడోసారీ చెప్పేది. ఆపరేషన్ తర్వాత చంక కింద వేలాడే గొట్టాన్ని ఎలా చూసుకోవాలో, చెయ్యి ఏ రోజు ఎంత లేపాలో, జాకెట్టు లోపల ఖాళీని దేనితో నింపుకోవాలో, మొగుడు అటు తిరిగి పడుకుంటే అతనితో మాట ఎలా మొదలుపెట్టాలో నేర్పేది. ఇందులో గొప్ప ఆపరేషన్ ఏదీ లేదు. కానీ ఒక్కటి తప్పినా మనిషి దెబ్బతింటుంది.

ఆసుపత్రి పాలనాధికారికి సిబ్బంది పెట్టుకున్న పేరు ఇస్త్రీ సారు. "ఇవన్నీ వార్డు నర్సులు చెప్పుకుంటార్లే" అన్నాడు ఆయన. ముప్ఫై మంచాలకు ఒక్క నర్సు. ఆమెకు మంచినీళ్ళు తాగడానికే తీరిక లేదు, ఇంక చెప్పుకునేదెప్పుడు? కానీ సారుకు గది కావాలి. రొమ్ము క్యాన్సర్ మీద రెండు నెలల అవగాహన కార్యక్రమం వచ్చింది. గులాబీ రంగు బెలూన్లు, టీషర్టులు, జెండాలు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా! రోగులు కూర్చునే కుర్చీల్లో బెలూన్లు కూర్చున్నాయి. సిస్టర్‌ను ముందు హాల్లో బల్ల వెనక నిలబెట్టి, వచ్చినవాళ్ళ చొక్కాలకు రిబ్బన్లు గుచ్చమన్నారు. ఆమె తల మీద 'ముందే కనిపెట్టండి' అని పెద్ద బ్యానరు. కనిపెట్టాక ఏం చేయాలో తెలిసిన మనిషి దాని కింద గుండుసూదులు పంచుతోంది.

గదికి తాళం పడిన ఏడో వారంలో ఒక ఉదయం హాలు తలుపు తోసుకుని ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు.

"వదినా, ఇదిగో ఇక్కడుంది నీ సిస్టరు! నువ్వేమో ఫోను చేసి చేసి వేళ్ళు అరగదీసుకున్నావు. ఈవిడ చూడు, సర్కస్ గుమ్మంలో టిక్కెట్లు చింపేదానిలా నిలబడింది!"

అరిచింది ఆడపడుచు. వెనక శాలువా కప్పుకుని తలవంచుకుని వస్తున్నది వదిన, దర్జీ. సిస్టర్ గుర్తుపట్టింది. జబ్బు బయటపడిన రోజు ఆమె పక్కన కూర్చున్నది తనే. కీమో జరిగిన ఐదు నెలలూ వెంట ఉన్నది తనే. ఆపరేషన్ నాటికి మాత్రం గదికి తాళం పడింది.

"నోరు ముయ్యవే, అందరూ చూస్తున్నారు" అంది దర్జీ. తర్వాత సిస్టర్ వైపు తిరిగింది. "రేడియేషన్ గదిలోంచి పంపేశారు సిస్టర్. చెయ్యి తల మీదికి పెట్టి పడుకోమన్నారు. రాలేదు. లాగితే ప్రాణం పోయింది. చెయ్యి లేస్తే తప్ప కిరణాలు పెట్టడం కుదరదట. పన్నెండు రోజులు గడువిచ్చారు. అప్పటికీ లేవకపోతే వైద్యం వెనక్కి పోతుంది, అంత ఆలస్యం మంచిది కాదు అన్నారు."

"చెయ్యి చూపించక్కా."

దర్జీ శాలువా తీసింది. సిస్టర్ చేతిలో గుండుసూదుల డబ్బా అలాగే ఆగిపోయింది.

ముదురు నీలం గుడ్డతో కుట్టిన జాకెట్టు. రెండు పొరలు, మధ్యలో మెత్తటి దూది. మోచేతిని మడిచి, పొట్టకు ఆనించి, చేతికి ఒక సంచీలాంటిది కుట్టి, దాన్ని జాకెట్టు పక్క కుట్టులోనే కలిపేసింది. వేలెడు సందు లేదు. బజారులో ఏ దుకాణమూ అంత చక్కటి కుట్టు అమ్మదు. ఆరు వారాలుగా ఆ చెయ్యి అందులోనే ఉంది, స్నానానికి తప్ప బయటికి రాలేదు.

"ఇలా కట్టుకోమని ఎవరు చెప్పారు?"

"పెద్ద డాక్టరుగారు. ఇంటికి పంపే రోజు నడుచుకుంటూ వెళ్తూ, 'కుడిచెయ్యి జాగ్రత్తమ్మా' అన్నారు. నాకు చెయ్యంటే తిండి కదా. కదిలితే కుట్లు ఊడతాయేమోనని ఇది కుట్టుకున్నా. అడుగుదామంటే మీ నంబరు మోగుతూనే ఉంది."

"మా వదిన పనంటే అంతే సిస్టర్" అంది ఆడపడుచు. "చొక్కా కుట్టమంటే కవచం కుడుతుంది."

సిస్టర్ నవ్వలేదు. ఆసుపత్రి ఇచ్చిన కాగితాలు అడిగి తీసుకుంది. రెండో పేజీలో 'చేతి వ్యాయామాలు ప్రత్యేక నర్సు వివరించారు' అన్న వరుస ఉంది. దాని పక్కన అవును అని టిక్కు. కింద తన పేరుతో ముద్ర. ఆ రోజు తను ఇదే బల్ల దగ్గర నిలబడి ఎవరి భార్యకో రిబ్బను గుచ్చుతోంది. ముద్ర గదిలో సొరుగులో ఉండాలి. ఎవరో తీశారు, గుద్దారు, తనిఖీవాళ్ళకు కాగితం నిండుగా కనపడేలా చేశారు. బల్ల మీద ఉన్న రిబ్బన్ల కుప్ప చూస్తే ఎవరో కక్కినట్టు అనిపించింది.

"రండక్కా" అంది. డబ్బా అక్కడే పడేసింది.

కాపలా మనిషి తాళం చెవి ఇచ్చేటప్పుడు, "నేనివ్వలేదు, మీరే లాక్కున్నారని చెప్తా" అన్నాడు. "అలాగే చెప్పు" అంది. తలుపు తీస్తే నడుము ఎత్తు బెలూన్లు. బల్ల కింద ఫోను ఉంది, దాని ఎర్రలైటు మినుకుతూనే ఉంది. అందని పిలుపులు ఎన్నో చూడటానికి సిస్టర్‌కు మనసొప్పలేదు. ఆడపడుచు చెప్పులతో బెలూన్లు తొక్కుకుంటూ దారి చేసింది. ఒక్కొక్కటి ఢామ్మని పేలుతుంటే, "పెద్దమనుషుల గాలి ఇది, ఇంతకంటే ఏముంటుంది!" అంది.

సిస్టర్ జాకెట్టు ముందు గుండీలు విప్పి గాయం చూసింది. అది శుభ్రంగా మానింది. చంకలోంచి మోచేతి దాకా చర్మం కింద తాడులా బిగుసుకున్న గట్టి పోగు ఒకటి వేలికి తగిలింది. కత్తెర అడిగి, పక్క కుట్టు తెంపబోయింది. దర్జీ ఆపింది.

"నా కుట్టు నేనే విప్పుకుంటాను."

ఎడమచేత్తో ఒక్కో పోగూ తెంపింది. ఆరు వారాల చెయ్యి బయటికొచ్చి, తనది కానట్టు పొట్ట మీదే ఉండిపోయింది.

"గోడ దగ్గర నిలబడు. వేళ్ళు గోడకు ఆనించి చీమలా పైకి నడిపించు. లాగొద్దు. బిగిసిన చోట ఆగి ఊపిరి తీసుకో."

వేళ్ళు నడిచాయి. రొమ్ము ఉండాల్సినంత ఎత్తుకు వచ్చి ఆగిపోయాయి. దర్జీ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా వేళ్ళు తీయలేదు. తన సంచీలోంచి గుడ్డల మీద గీసే సుద్దముక్క ఆడపడుచు చేత తీయించి, అక్కడ గోడ మీద ఒక గీత గీయించింది. "రేపు దీని మీదికి పోవాలి" అంది. కొలత లేనిదే ఆమెకు పని సాగదు.

అప్పుడే గుమ్మంలోకి ఇస్త్రీ సారు వచ్చాడు. "సిస్టర్, ఇదేంటి? అతిథులు వచ్చేశారు, బల్ల దగ్గర ఎవరూ లేరు!"

"ఇక్కడ రోగి ఉంది సార్."

"రోగులు ఎప్పుడూ ఉంటారు సిస్టర్."

"ఉంటార్లెండి, మీ దయవల్ల!" అంది ఆడపడుచు.

సిస్టర్ ముద్ర ఉన్న కాగితం ఆయన ముందు పెట్టింది. "నేను చెప్పని మాట చెప్పానని ఎవరు వేశారు సార్ ఇది?" ఆయన చూసి, చొక్కా కఫు సర్దుకుని, "అది సిస్టమ్‌లో జరిగే మామూలు పొరపాటు" అన్నాడు. సాయంత్రానికి గదికి కొత్త తాళం పడింది.

మర్నాటి నుంచి మెట్ల మలుపు దగ్గర గోడే గది అయింది, సుద్దగీతలూ దాని మీదే. తిండి వేళ సిస్టర్ తిండి మానేసి అక్కడికి వచ్చేది. చంకలో తాడును వేళ్ళతో మెల్లగా సాగదీసేది. ఫిజియోథెరపిస్టును బతిమాలి నెల తర్వాత ఉన్న తేదీని నాలుగో రోజుకు జరిపించింది. ఐదో రోజు గీత భుజం దాటింది. ఏడో రోజు చెయ్యి వాచి గీత కిందికి దిగింది. దర్జీ గోడకు తల ఆనించి, "నా చేతులతో నేనే చంపుకున్నా కదా సిస్టర్" అంది.

"నువ్వు కాదు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. నీకు తెలిసింది నువ్వు చేశావు. ఇవాళ సగమే చెయ్యి, అంతే."

పన్నెండో రోజు రేడియేషన్ బల్ల మీద దర్జీ పడుకుంది. చెయ్యి వణుకుతూ చెవి దాటి, తల పైన చెయ్యి ఆనించే దిమ్మ దాకా వెళ్ళి ఆగింది. యంత్రం నడిపే అతను కోణం చూసి తలూపాడు. బరువైన తలుపు మూసుకుంది. బయట ఆడపడుచు సిస్టర్ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అదే మధ్యాహ్నం సిస్టర్‌కు మెమో వచ్చింది. విధులు వదిలి వెళ్ళినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆమె దాన్ని పట్టుకుని, తలుపు కొట్టకుండా ఇస్త్రీ సారు గదిలోకి వెళ్ళింది. లోపల ఆయనతో పాటు నలుగురు అవగాహన కార్యక్రమం ఫొటోలు ఎంచుకుంటున్నారు.

"సంజాయిషీ నేనివ్వను సార్. ఒక ఆడమనిషి వైద్యం ఆగిపోబోయింది, దాని మీద నా పేరు గుద్దారు. అది మీరు చెప్పుకోండి, రాతపూర్వకంగా. ఇప్పుడు మూడో అంతస్తులో ఇద్దరు ఇంటికి వెళ్ళడానికి బట్టలు సర్దుకుంటున్నారు. ఒకామెకు ఇంకా గొట్టం ఉంది. నేను చూసొచ్చాను, ఇద్దరి కాగితాల్లోనూ అప్పుడే టిక్కులు పడ్డాయి. వాళ్ళను ఆపండి. నేను కూర్చుని చెప్పేదాకా ఒక్కరూ మెట్లు దిగకూడదు. గది తలుపు తీయించండి, ఫోను నా చేతికివ్వండి, నేను లేని రోజు ఎత్తడానికి ఈ జబ్బు గురించి చదువుకున్న ఇంకో నర్సును పెట్టండి. వచ్చే నెలా కాదు, కమిటీ కూర్చున్నాకా కాదు. వాళ్ళ సంచీలు ఇంకా మంచం మీదే ఉన్నాయి. ఫోను తీసి పైకి చెప్పండి, ఇప్పుడే."