గంగ పురుడు

గంగ గొరిల్లా. ఆ ముక్క ముందే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే భీమిలి బస్సులో అసిరమ్మ పక్కన కూర్చున్న వాళ్ళెవరికైనా గంగ ఆవిడ కడుపున పుట్టిన కూతురే అనిపించేది. "మా గంగకి పొద్దుట్నుంచీ ఒంట్లో బాగోనేదమ్మా" అనేది. "మా గంగ పనసతొనలు తప్ప ఇంకోటి ముట్టదు" అనేది. పాపం, కొత్తవాళ్ళెవరైనా అల్లుడేం చేస్తాడని అడిగితే, "పోనాడు తల్లీ, మొన్న వానల్లో దగ్గొచ్చి పోనాడు" అని కొంగుతో కళ్ళొత్తుకునేది. అందులో అబద్ధమేమీ లేదు.

స్టీలు ప్లాంటు పనులు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులవి. ఓడల ఏజెంటు భీమశంకరరావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, విశాఖపట్నం పోర్టులో బాగా డబ్బు చేసుకుని, భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా తోట కొన్నారు. పెద్దవాళ్ళ ముచ్చట్లు పెద్దవి. నెమళ్ళు తెచ్చారు, దుప్పుల్ని తెచ్చారు, ఎక్కడిదో ముసలి ఎలుగుబంటిని తెచ్చారు. ఆఫ్రికా ఓడలో ఎవడో రెండు గొరిల్లా పిల్లల్ని పట్టుకొచ్చి చూపిస్తే వాటినీ కొనేశారు. మగదానికి భీముడనీ ఆడదానికి గంగ అనీ పేర్లు పెట్టడం వరకూ ఆయన పని. పెంచడం అసిరమ్మ పని.

అసిరమ్మ అంతకుముందు పల్లెలో మంత్రసాని. ఊరందరి బిడ్డలకీ నీళ్ళు పోసిన చేతులు, తనకంటూ ఒక్క నలుసు లేదు. మొగుడు పోయాక తోటలో వంటకి కుదిరింది. గంగకి సీసాతో పాలు పట్టింది, చంకనేసుకుని తిరిగింది, రాత్రి పక్కలో వేసుకుని పడుకుంది. ఎత్తుకోలేనంత అయ్యాక దాన్నీ భీముణ్ణీ కలిపి షెడ్డులో పెట్టారు. పోర్టులో కొన్న పాత ఓడ ఇనుముతో కట్టిన షెడ్డు అది. కింద సిమెంటు, పైన రేకు, ముందు చువ్వలు. ఎక్కడానికి కొమ్మ లేదు, దాక్కోవడానికి మూల లేదు. వేసవిలో ఆ రేకు కింద మనిషి అరగంట నిలబడలేడు. "అడవి జంతువండీ, కాస్త చెట్టూ చేమా ఉన్న చోటు చూడండి" అని పశువుల డాక్టరు నరసింహమూర్తి గారు చెప్పి చూశారు. "చూద్దాం డాక్టరుగారూ, ముందు పిల్లని పెట్టనివ్వండి" అని భీమశంకరరావు గారు నవ్వేశారు. భీముడికి మనుషుల నుంచే దగ్గు అంటుకుంది. అది పోయిన తరవాత తెలిసింది, గంగ కడుపుతో ఉందని.

నెలలు నిండుతుంటే డాక్టరు గారు అసిరమ్మని పిలిచి మరీ చెప్పారు, కాన్పయ్యాక ఎవరూ లోపలికి వెళ్ళొద్దు, పిల్లని ముట్టుకోవద్దు అని. అలాగే బాబూ అంది అసిరమ్మ. అలాగే ఉందామనే అనుకుంది కూడా.

తెల్లవారుతుండగా గంగ కనింది. కని, ఆ పిల్లని ఏం చేసుకోవాలో తెలియక, సిమెంటు మీద పెట్టేసి, గోడవారకి పోయి పడుకుంది. ఒళ్ళు తెలియని నిద్ర. తడి ఆరని పసిగుడ్డు చల్లటి నేలమీద కీచుమని ఏడుస్తోంది. చువ్వల ఇవతల మంత్రసాని. ఆ ఏడుపు విని ఆవిడ ఎంతసేపు ఆగుతుందండీ? గడియ తీసి లోపలికి వెళ్ళి, పిల్లని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చేసుకుంది. వేణ్ణీళ్ళు పెట్టింది. కాళ్ళు చాపుకుని పడుకోబెట్టుకుని, శనగపిండీ పసుపూ రాసి నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ వేసి, పాత చీర గుడ్డలో చుట్టింది. ఆడపిల్ల. పిడికెడంత మొహం. ఆవిడ జన్మలో అంత సంతోషపడ్డ రోజు లేదు.

గంగ లేచాక తీసుకెళ్ళి ఒళ్ళో పెడితే, గంగ వాసన చూసింది. ఇంకోసారి చూసింది. మోచేత్తో పక్కకి నెట్టేసి, అటు తిరిగి కూర్చుంది. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

"ఎంత పని చేశావు అసిరమ్మా!" డాక్టరు గారు తల పట్టుకున్నారు.

"నీళ్ళు పోసినాను బాబూ. పసిగుంటకి నీళ్ళు పొయ్యకుండా ఎవులైనా ఉంటారేటి?"

"వాసన పట్టే కదమ్మా తల్లి గుర్తుపట్టేది! ఆ వాసనంతా కడిగేశావు."

అసిరమ్మ అక్కడే కూలబడింది. డాక్టరు గారు మంచివారు. తప్పు నీ ఒక్కదానిదే కాదులే అన్నారు. ఊహ తెలిశాక గంగ బిడ్డని ఎత్తుకున్న ఇంకో గొరిల్లాని చూసిందెక్కడ? మనుషుల చేతుల్లో పెరిగిన వాటికి ఈ అవస్థ ఉంటుందని, విదేశాల్లో జూ వాళ్ళు పాలిచ్చే తల్లులని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టి చూపిస్తున్నారని ఎక్కడో చదివానని చెప్పారు.

పాలిచ్చే తల్లంటే తోటలో ఒక్కతే, గౌరీశ్వరి. అసిరమ్మ చెల్లెలి కూతురు. దాని మొగుడు జగ్గారావు అక్కడే కాపలా పని.

"పెద్దమ్మా, నీకేటి పిచ్చి గానీ పట్టిందా? మూడో నెల గుంటడ్ని ఒట్టుకుని దాని ముందర కూకోవాలా? దిష్టి తగిల్తే నువ్వు తీత్తావా?" అని గౌరీశ్వరి మండిపడింది.

"ఊర్లో నవ్వుతారత్తా," అన్నాడు జగ్గారావు నసుగుతూ.

అసిరమ్మ గుడ్డలో ఉన్న పిల్లని చూపించింది. ఆవుపాలు నీళ్ళు కలిపి పడుతుంటే అరక్క విరేచనాలు పట్టుకున్నాయి దానికి. అది సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపుకి గౌరీశ్వరి రవిక తడిసిపోయింది. తల్లి ఒళ్ళు మాట వినదు కదా. గౌరీశ్వరి "సుట్టూ టార్పాలిను కట్టించు మరి," అంది మొగుడితో. "ఒక్క మగోడు ఇటు రాకూడదు. డాక్టరైనా సరే, నువ్వైనా సరే."

పోర్టు టార్పాలిన్లు కట్టారు. గౌరీశ్వరి పీటేసుకుని చువ్వల ముందు కూర్చుని కొడుక్కి పాలిచ్చేది. తల కింద అరచెయ్యి పెట్టి ఎలా పట్టుకోవాలో, ఒకవైపు అయ్యాక రెండోవైపు ఎలా మార్చాలో, భుజాన వేసుకుని వీపు ఎలా నిమరాలో గంగకేసి చూస్తూ చేసేది. "సూడే గంగమ్మా, ఇలాగ. నీకు తెల్దా, నాకు మాత్రం తెల్సేటి? మా యమ్మే నేర్పింది," అని కబుర్లు చెప్పేది. తన కొడుక్కే చాలీచాలని పాలల్లో కాసిన్ని గిన్నెలోకి పిండి ఆ పిల్లకీ ఇచ్చేది. మొదట గంగ అటు తిరిగే కూర్చుంది. తరవాత ఓరగా చూసింది. తరవాత చువ్వల దగ్గరకొచ్చి కూర్చుంది. ఒకరోజు గోనెసంచి ఉండచుట్టి రొమ్ముకి ఆనించుకుంటే, టార్పాలిను వెనక గౌరీశ్వరికీ అసిరమ్మకీ ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

కానీ అక్కడ గంగ నేర్చుకుంటుంటే, ఇక్కడ పిల్ల కరిగిపోతోంది. విరేచనాలకి ఏ మందూ పనిచెయ్యలేదు. అసిరమ్మ రాత్రింబవళ్ళు గుండెలకి అదుముకుని కూర్చునేది. ఉండవే తల్లీ, మీ యమ్మకి తెలుత్తంది, రెండు రోజులు ఓపిక పట్టవే అని బతిమాలేది.

ఆ రోజు పొద్దున్న గంగ చువ్వల్లోంచి రెండు చేతులూ బయటికి చాపింది. గోనెసంచి కోసం కాదు. అసిరమ్మ పిల్లని తీసుకుని పరుగెత్తుకొచ్చింది. లోపలికి వెళ్ళి ఇస్తే, గంగ అందుకుంది. అబ్బ, ఎంత పద్ధతిగా అందుకుందనీ! తల కింద అరచెయ్యి పెట్టి, రొమ్ముకి ఆనించుకుని, మొహంలో మొహం పెట్టి చూసుకుంది. గౌరీశ్వరి చప్పట్లు కొట్టింది. పిల్ల నోరు తెరిచింది. చీకడానికి దానికి సత్తువ లేదు. మధ్యాహ్నానికి కదలడం మానేసింది.

గంగకి ఆ సంగతి ఎవరు నేర్పారు గనక? నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేస్తూ పోయింది. ఒకవైపు ఇచ్చి, రెండోవైపు మార్చింది. భుజాన వేసుకుని వీపు నిమిరింది. గౌరీశ్వరి చూడలేక కొడుకుని తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయి తలుపేసుకుంది.

మర్నాటికి వాసన మొదలైంది. తీసెయ్యాలన్నారు డాక్టరు గారు. జగ్గారావు కర్ర పట్టుకుని గడియ మీద చెయ్యి వేశాడో లేదో, గంగ కోరలు చూపించి చువ్వలు అదిరేలా కొట్టింది. మత్తుమందు ఇచ్చెయ్యండని భీమశంకరరావు గారు ఫోన్లో చెప్పారు. బాలింత నీరసంలో మత్తు తట్టుకోలేదని డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఆయన అసిరమ్మ వైపు చూశారు.

"నాను ఎల్లను బాబూ. మీకు దణ్ణం పెడతాను, నాను ఎల్లను."

"దాన్ని అలా ఉంచితే గంగ కూడా జబ్బుపడుతుందమ్మా."

ఆ మాటతో వెళ్ళింది. నాలుగు దెబ్బలు వేస్తుందనుకుంది. వేస్తే బాగుణ్ణని కూడా అనుకుంది, ఆ మాత్రం శిక్షయినా పడుతుందని. గంగ ఆవిణ్ణి చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. అసిరమ్మ కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు అలా కూర్చున్నారు.

అప్పుడు గంగే పిల్లని ఎత్తి, తల జారకుండా పట్టుకుని, అసిరమ్మ ఒళ్ళో పెట్టింది. పెట్టి, నడుం వాల్చింది. నిన్నటి నుంచీ కన్నుమూయలేదేమో, అలా వాల్చగానే నిద్ర పట్టేసింది.

"అత్తా, బేగి వచ్చీ," అని బయట్నుంచి జగ్గారావు గుసగుసలాడాడు.

అసిరమ్మ లేచి బయటికి వచ్చింది. డాక్టరు గారు చేతులు చాపారు. ఆవిడ ఇవ్వలేదు.

"లెగిసి నా బిడ్డేదని నన్నే అడుగుతాది బాబూ," అంది. "నన్నే కదా నమ్మి ఇచ్చింది."