ఏ పెదవులకూ అతకని మాట

"నేను చచ్చిపోయానని చెప్పుకోండి."

ఆ పాత వీడియో డిస్కు పెట్టినప్పుడల్లా తెర మీద మేనత్త నోట్లోంచి ఆ మాట వచ్చేది. గొంతు మాత్రం మేనత్తది కాదు. చిన్నప్పుడు ఆ ముక్క రాబోతుందనగానే మేనకోడలు సోఫా వెనక నక్కేది. ఇప్పుడు తనే తల్లి కాబోతున్నా, ఆ గొంతు ఇంకా కలల్లోకి వచ్చి లేపుతూనే ఉంది. తన బిడ్డ పుట్టేలోపు అది ఎవరిదో తేలిపోవాలనుకుంది.

అది ఆమె రెండో పుట్టినరోజు వీడియో. అమ్మ కనిపించేది ఆ ఒక్కదాంట్లోనే. ఆ తర్వాత కొన్నాళ్లకే అమ్మ ఆసుపత్రిలో పోయిందని నాన్న చెప్పాడు. టేపును ఇంట్లో కంప్యూటరు మీద డిస్కుగా మార్చింది నాన్నే. టేపు బూజు పట్టిందని పారేశాడు. డిస్కులో మాట, బొమ్మ ఎప్పుడూ సరిగ్గా కలవలేదు. అమ్మ పెదవులు కదిలితే ఎవరో మగమనిషి దగ్గు వినిపించేది.

డిస్కు బాగుచేయించడానికి బయల్దేరితే మేనత్త వెంటబడింది. గీతలు పడ్డ డిస్కులు బాగుచేస్తాడని బజారులో అందరూ గీతల డాక్టరు అని పిలిచే అతని షాపులో కుర్చీ లాక్కుని మరీ కూర్చుంది.

"మధ్యలో ఆగిపోతోంది, అదొక్కటి చూడు నాయనా. మాటలు నా నోట్లోంచి వస్తే ఏంటి, గోడలోంచి వస్తే ఏంటి?"

"మీ ఒక్క గొంతే బజారంతా వినిపిస్తోందమ్మా, ఇంకోటి ఎందుకు మొయ్యడం?" అన్నాడు డాక్టరు.

ఆ పుట్టినరోజున తనకు జలుబు చేసి గొంతు మారిందని మేనత్త ఎప్పటిలాగే చెప్పింది.

ఆగిపోవడానికి కారణం వెంటనే దొరికింది. డిస్కు మీద అంటించిన కాగితం ఒక పక్క లేచి, వేగంగా తిరిగేటప్పుడు డిస్కు ఊగుతోంది. కాగితం పీకితే కింద వెండిపూత కూడా ఊడొస్తుందని దాని జోలికి పోకుండా, వేగం తగ్గించి అంతా కంప్యూటరులోకి ఎక్కించాడు. గళ్లుగళ్లుగా విరిగే బొమ్మ నిలబడింది.

తర్వాత మాట సంగతి. మొదట్లో కుదురుగానే ఉంది, పోనుపోను వెనకబడుతోంది. మీ నాన్న మాటను విడిగా ఎక్కించారా అని అడిగాడు. అవునంది. ఆ రోజుల్లో నాన్న కంప్యూటరు బొమ్మనే తీసుకునేది. మాటను వేరే వైరుతో ఎక్కించి, తర్వాత రెండూ జతచేశాడు.

డాక్టరు చప్పట్లు కొట్టిన చోట్లన్నీ వెతికాడు. చేతులు కలిసిన క్షణానికి చప్పుడు వచ్చేదాకా శబ్దాన్ని కొద్దికొద్దిగా కుదించాడు. చుట్టాల పెదవులకు ఎవరి మాటలు వాళ్లకు అతుక్కున్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ నోరు తెరిచింది.

"ఇటు చూడు తల్లీ."

అమ్మ గొంతు అమ్మ నోట్లోంచి రావడం ఆమె మొదటిసారి వింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు, కలల్లోకి వచ్చి లేపేది అదే.

మేనత్త లేచింది. "ఇంక చాలు, పోదాం పద. ఈ ఒంటితో ఇంతసేపు కూర్చోకూడదు."

ఆమె కదల్లేదు. డాక్టరు తెర మీద ఒక చోట వేలు పెట్టాడు. అమ్మ గుమ్మంలో ఉంది. మరుక్షణం గుమ్మం ఖాళీ, బల్ల దగ్గర మేనత్త. అంతకుముందు నిండుగా ఉన్న కొవ్వొత్తి సగం కరిగి ఉంది.

"ఇక్కడ ముక్క కోసేశారు. బొమ్మను ఏ నిమిషం దగ్గర కోశారో, మాటనూ అదే నిమిషం దగ్గర కోశారు. మాట అప్పటికే వెనకబడి ఉందని చూసుకోలేదు. అందుకే తీసెయ్యాలనుకున్న దాని తోక మిగిలిపోయింది. వచ్చి ఈవిడ నోట్లో పడింది."

ఆ తోకను కోసిన చోటికి జరిపాడు. అక్కడ బొమ్మ లేదు, తెర నల్లగా అయింది.

"నేను చచ్చిపోయానని చెప్పుకోండి." వెనకే తలుపు మూసిన చప్పుడు.

బొమ్మ తిరిగొచ్చింది. మేనత్త పెదవులు కదిలాయి. "ఊదమ్మా, ఊదు," అంది మేనత్త గొంతే. జలుబు జాడ లేదు.

"అత్తా, అమ్మ ఎప్పుడు పోయింది?"

మేనత్త సంచీ జిప్పు తీసి వేసింది, మళ్లీ తీసింది. మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడని గొణిగింది. ఆ రోజు గొడవ మొదలుపెట్టింది ఎవరో కూడా తనకు సరిగ్గా తెలియదంది.

"ఎప్పుడు పోయిందత్తా?"

"పోలేదే."

మేనత్త ఫోను తీసింది. పేరు వెతకలేదు, అంకెలు చకచకా నొక్కింది. చాలాకాలంగా అలవాటైనట్టు వేళ్లు కదిలాయి. స్పీకరు పెట్టి కౌంటరు మీద ఉంచింది. డాక్టరు కంప్యూటరు శబ్దం కట్టేశాడు.

అవతల ఎత్తారు.

"చెప్పు వదినా, పాప బాగుందా?"

వయసు మీదపడింది కానీ, అదే గొంతు. మేనత్త జవాబు చెప్పబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఫోను దగ్గరికి లాక్కుంది.

"వదిన కాదు," అంది.

అవతల ఏదో గిన్నె కిందపడి, దొర్లి, ఆగింది. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.